శిల్పి విధికుడు - చరిత్రకారుని బాధ్యత

పాత కట్టడాన్ని కాపాడటమంటే చుట్టూ ముళ్ళకంచె వేసి, రాలిన సున్నాన్ని మళ్ళీ పూయటమేనని మనలో చాలామంది అభిప్రాయం. అది కాపలాదారు పని. చరిత్రకారుని పని అంతకు ముందే మొదలవుతుంది. ఏది నిలపాలి? ఎందుకు నిలపాలి? నిలపలేనిదాన్ని గురించి రాబోయే తరానికి ఏమి మిగల్చాలి? ఈ వృత్తిలోకి కొత్తగా అడుగుపెట్టేవారు ఈ మూడు ప్రశ్నలనూ నాగార్జునకొండ దగ్గర నేర్చుకోవచ్చు.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆనవాళ్ళు 1926లో బయటపడ్డాయి. 1927 - 31 మధ్య లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వించాడు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుందని తెలిశాక, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన 1954 - 60 మధ్య వందకు పైగా స్థలాలను తవ్వారు. కొన్ని కట్టడాలను కొండమీదా, మరికొన్నింటిని అనుపు దగ్గరా తిరిగి నిలిపారు. తక్కినవి నీళ్ళపాలయ్యాయి.

రైతు పొలానికి నీరు వద్దు, శిథిలమే ముద్దు అనటం చరిత్రజ్ఞానం కాదు. అయితే రాయిని తరలించినంత మాత్రాన కట్టడం తరలిరాదు. స్తూపానికీ విహారానికీ, విహారానికీ ఏటి రేవుకూ ఉన్న దూరం కూడా చరిత్రే. ఆ దూరాన్ని బండిమీద ఎక్కించలేము. పటం మీద మాత్రమే దించగలము.

అందుకే కొలతకు అంత విలువ. అక్కడి పెద్ద స్తూపాల లోపల ఇటుక గోడలను బండిచక్రపు ఆకులలాగా కట్టి, నడుమ ఖాళీలను మట్టితో నింపారు. పైనుంచి చూసేవానికి ఈ నేర్పు కనబడదు. పునాదులు కొలిచినవానికే కనబడుతుంది. అక్కడ పనిచేసిన హెచ్. సర్కార్ 1966లో బౌద్ధ వాస్తును గురించి రాసిన గ్రంథంలో కట్టడాల నమూనాలలోని తేడాలను బౌద్ధ శాఖల భేదాలతో ముడిపెట్టి చూశాడంటే, దాని వెనుక ఇటువంటి కొలతలే ఉన్నాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాని మాట ఇంజనీరు ముందు, అధికారి ముందు చెల్లకపోవచ్చు. అతను గీసిన పటం సరిగా ఉంటే అది మాత్రం చెల్లుతుంది.

కాని కొలతతోనే పని ముగియదు. మన చరిత్రలలో కట్టడం పక్కన రాజు పేరుంటుంది, దాత పేరుంటుంది. వీరపురుషదత్తుని 14వ ఏట ఉపాసిక బోధిసిరి చైత్యగృహం కట్టించి వేయించిన శాసనం చివర మరొక వాక్యం ఉంది. ఆ నిర్మాణాన్ని పర్యవేక్షించిన ముగ్గురు థేరుల పేర్లు చెప్పి, ఇది రాతిపనివాడు విధికుని పని అని ముగించింది శాసనం. పదహారు వందల ఏళ్ళకు పైగా నిలిచిన ఈ చిన్న వాక్యం అలంకారాలను బట్టి శతాబ్దం తేల్చటంతో తృప్తిపడే పండితులకు గట్టి సమాధానం. రాయి ఎవరు చెక్కారు, ఎవరు మోశారు అని అడగని వాస్తుచరిత్ర సగం చరిత్రే.

ఆ ప్రశ్న మరొక దారికి తీసుకుపోతుంది. ఆ లోయలో విహారాలే కాదు, ఊళ్ళు కూడా ఖాళీ అయ్యాయి. కొండమీద తిరిగి నిలిపిన వాటిలో విహారం ఉంది, స్తూపం ఉంది. పల్లెటూరి ఇల్లు లేదు. ఏది వారసత్వమో నిర్ణయించిన కళ్ళు దాన్ని చూడలేదు. రేపు మరొక లోయ మునిగేటప్పుడు, మరొక పాత వీధి కూలేటప్పుడు, టేపు పట్టుకొని వెళ్ళే యువ చరిత్రకారులు రాజగోపురంతోపాటు దాని నీడన ఉన్న పెంకుటింటిని కూడా కొలవాలి. విధికుని వారసులు ఉండేది అటువంటి ఇళ్ళలోనే.