విసరణమా? స్రావమా? – వాయు వినిమయంపై ఒక వివాద చరిత్ర

ఊపిరితిత్తుల వాయుగోణుల నుండి ఆక్సిజన్ విసరణం ద్వారా రక్తంలో చేరుతుందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెబుతాయి. ఆ వాక్యం స్థిరపడటం వెనుక గురుశిష్యుల మధ్య నడిచిన ఒక వివాదం ఉంది.

1661లో ఇటలీకి చెందిన మాల్పీజీ కప్ప ఊపిరితిత్తులలో రక్తకేశనాళికలను సూక్ష్మదర్శినితో చూశారు. వినిమయం జరిగే చోటు క్రమంగా స్పష్టమైనా, జరిగే తీరు చాలాకాలం తేలలేదు.

1891లో కోపెన్‌హాగన్ ఆచార్యులు క్రిస్టియన్ బోర్ తన కొలతలలో ధమని రక్తపు ఆక్సిజన్ పీడనం కొన్నిసార్లు వాయుగోణులలోని పీడనాన్ని మించినట్లు గమనించారు. విసరణంలో వాయువు అధిక పీడనం నుండి అల్ప పీడనం వైపే సాగుతుంది. కాబట్టి ఊపిరితిత్తులు గ్రంథివలె ఆక్సిజన్‌ను స్రవిస్తాయని ఆయన నిర్ణయించారు. కొన్ని చేపల గాలితిత్తిలో ఆక్సిజన్ ఆ విధంగానే పోగవుతుంది. కనుక ఆ ఊహ నిరాధారమైనది కాదు.

బోర్ వద్ద సహాయకుడిగా పనిచేసిన ఆగస్ట్ క్రోగ్, అతిచిన్న గాలిబుడగను రక్తంతో సమతౌల్యానికి తెచ్చి విశ్లేషించే పరికరాన్ని రూపొందించారు. భార్య మేరీతో కలిసి జరిపిన కొలతలలో ధమని రక్తపు పీడనం వాయుగోణుల పీడనం కంటె తక్కువగానే తేలింది. 1910లో వెలువడిన వ్యాసాలలో, గురువు అభిప్రాయాలను ఖండించవలసి వస్తున్నదని చెబుతూనే క్రోగ్ ఆయనకు తన ఋణాన్ని ప్రకటించారు. విసరణం ఒక్కటే దేహావసరానికి చాలునా అన్న ప్రశ్న మిగిలింది. దానికోసం మేరీ కార్బన్ మోనాక్సైడ్‌తో ఊపిరితిత్తుల విసరణ సామర్థ్యాన్ని కొలిచి 1915లో ప్రకటించారు. ఆ పద్ధతి సవరించిన రూపంలో నేటికీ ఆసుపత్రులలో వాడుకలో ఉంది.

అయినా వివాదం ముగియలేదు. 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరంపై పరిశోధించిన హాల్డేన్, ఎత్తైన ప్రదేశాలలో స్రావం జరుగుతుందని వాదించారు. దాన్ని పరీక్షించడానికి 1920లో కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్ ఆక్సిజన్ తగ్గించిన గాజుగదిలో ఆరు రోజులు గడిపి, తన చేతి ధమని నుండే రక్తం తీయించుకున్నారు. స్రావం జాడ కనబడలేదు. 1921–22లో పెరూ పర్వతాలలోనూ అదే ఫలితం వచ్చింది. హాల్డేన్ మాత్రం 1936లో మరణించేవరకు తన వాదాన్ని వీడలేదు.

నేటి లెక్కలో ఆక్సిజన్ పీడనం వాయుగోణులలో దాదాపు 100, వాటిని చేరే సిరరక్తంలో 40 మిల్లీమీటర్ల పాదరసం. ఈ వ్యత్యాసమే వినిమయానికి చాలు. బోర్ తర్కంలో లోపం లేదు. లోపమంతా కొలతలో ఉంది. అందుకే క్రోగ్ ఆ తర్కంతో వాదులాడలేదు, మరింత నమ్మదగిన పరికరాన్ని తయారుచేశారు. పూర్వ పరిశోధకులతో విభేదించదలచిన పరిశోధకులకు ఈ చరిత్ర ఇచ్చే పాఠం అదే.