కార్ట్రిడ్జిలో చదరంగం

పాత వీడియో గేముల కథ ఎవరు చెప్పినా గెంతే బొమ్మలతో, పేలే ఓడలతో మొదలుపెడతారు. చదరంగం, చెకర్స్, షోగి (జపాన్ చదరంగం) లాంటివి ఏ మూలనో ఒక్క వాక్యంలో ముగిసిపోతాయి. ఇది అన్యాయం. ఆ యంత్రాల బుర్రకు అసలు పరీక్ష పెట్టింది ఈ బోర్డు గేములే.

1972లో అమెరికాలో వచ్చిన తొలి ఇంటి కన్సోల్ మాగ్నవాక్స్ ఒడిస్సీ పెట్టెలో పాచికలు, ముక్కలు, కాగితం డబ్బులు కూడా ఉండేవి. తెర మీద తెల్ల చుక్కల్ని కదపడం తప్ప ఆ యంత్రానికి లెక్కలు రావు. రంగుల ప్లాస్టిక్ రేకును టీవీ అద్దానికి తగిలించి, స్కోరు ఆడేవాళ్లే రాసుకోవాలి. ప్రత్యర్థి పక్కన కూర్చున్న మనిషే.

ఆ మనిషి చోట్లో యంత్రాన్ని కూర్చోబెట్టడం ఎంత కష్టమో 1979 నాటి అటారీ 2600 ‘వీడియో చెస్’ చూస్తే తెలుస్తుంది. ఆ కన్సోల్ మెమరీ మొత్తం 128 బైట్లు. గడికొకటి చొప్పున 64 గళ్లకు ఇస్తే సగం అయిపోయినట్టే. పైగా ఒక గీత మీద ఆరు బొమ్మలు వేయడమే దానికి గగనం. చదరంగానికి వరసకు ఎనిమిది కావాలి. ప్రోగ్రామర్ బాబ్ వైట్‌హెడ్ నాలుగింటిని సరి గీతల మీద, నాలుగింటిని బేసి గీతల మీద గీయించాడు. అందుకే అందులో రాజూ మంత్రీ కిటికీ పరదా సందుల్లోంచి చూసినట్టు చారలు చారలుగా కనిపిస్తారు. ఎత్తులు వేసే బుర్ర లారీ వాగ్నర్ రాసింది. బొమ్మ గీయడం, ఆలోచించడం రెండూ ఒకే ప్రాసెసర్ పని కాబట్టి, అది ఆలోచనలో పడగానే బోర్డు మాయమై తెరంతా రంగులు మారేవి. అతి కఠినమైన స్థాయిలో ఒక్క ఎత్తుకు పది గంటల దాకా పట్టేది. ఇదంతా 4 కిలోబైట్లలో! ఇంత పొదుపైన పనితనం నేను చాలా తక్కువ చూశాను.

1980లో అదే యంత్రానికి ‘వీడియో చెకర్స్’ రాసిన కారల్ షాను లోకం ‘రివర్ రెయిడ్’ అనే మరో గేముతోనే గుర్తుపెట్టుకుంది.

జపాన్‌లో కథ వేరు. నింటెండో 1889లో పేకముక్కలు తయారుచేస్తూ పుట్టిన సంస్థ. 1983 జులైలో దాని ఇంటి కన్సోల్ ఫామికామ్ వస్తే ఆగస్టుకల్లా మాజాంగ్, గోమోకు ఆటలు దిగాయి. 1990లలో మన ఊళ్లలో అమ్మిన నకలు టీవీ గేముల్లోనూ ఆ మాజాంగ్ కనిపించేది. ఆడే తీరు తెలియక దాటేసేవాళ్లం. ఇక అమెరికా ఆటల్లో, 1991 నాటి ‘మొనోపలీ’ డబ్బు లెక్కలు తనే చూసుకుంది గానీ, బేరాల్లోని గొడవను తేలేకపోయింది. పావులు తెర మీద కొట్టుకునే చదరంగం ‘బ్యాటిల్ చెస్’లో ఆ కొట్లాట నాలుగుసార్లు చూస్తే చాలు.

షోగిలో మాత్రం జపాన్ వాళ్లు రాజీపడలేదు. చంపిన పావును మన పక్షాన మళ్లీ దించొచ్చు గనుక ఆట సాగేకొద్దీ దారులు పెరుగుతాయి. 1995లో ఫామికామ్ తర్వాతి కన్సోల్ సూపర్ ఫామికామ్‌కు వచ్చిన ‘మొరిటా షోగి 2’ కార్ట్రిడ్జిలో, కన్సోల్ సొంత 16 బిట్ల ప్రాసెసర్ చాలదని, 21 మెగాహెర్ట్జ్‌ల 32 బిట్ల ఆర్మ్ చిప్ అమర్చారు. ఆటకన్నా ఆటపెట్టె చిన్నదైపోయింది.

మూడేళ్ల తర్వాత ‘మొరిటా షోగి 64’ కార్ట్రిడ్జికి మోడెమ్ పెట్టి, టెలిఫోన్ తీగ గుచ్చే రంధ్రం ఇచ్చారు. ఆ తీగకు అవతల ప్రత్యర్థిగా మళ్లీ మనిషే కూర్చున్నాడు.