ఇండియన్ అనే జర్మనీ గోళీ

బెంగుళూరులోనూ చెన్నైలోనూ గోలి, పుణేలో గోటీ, మన ఇళ్ళలో గోళీ. ఈ గాజు ఉండను ఎరుగని విద్యార్థి ఉండడు. అయితే పాత గోళీలను పరిశీలించి వాటి పుట్టుపూర్వోత్తరాలు తేల్చే విద్య ఒకటి ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. అందులో 'ఇండియన్' అనే పేరుగల రకం ఒకటి ఉంది. నల్లని గాజు మీద ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పట్టీలు ఉంటాయి. పేరు వినగానే మన దేశపు పనితనమని సంబరపడతాం. కాని అది జర్మనీలో తయారైనది.

జర్మనీలోని తురింగియా కొండల్లో లౌషా అనే ఊరు ఉంది. అక్కడ 1597లో గాజు కొలిమి వెలిసింది. 1840ల చివర, గ్రైనర్ కుటుంబంవారి కర్మాగారంలో, గోళీలు చేసే కత్తెర పుట్టింది. దాని ఒక కొసన చిన్న గిన్నె ఉంటుంది. రంగు గాజు పుల్లలను పేర్చి, పైన తేట గాజు పొదిగి, వేడి మీద మెలితిప్పుతూ సాగదీస్తే పొడవాటి కడ్డీ అవుతుంది. ఆ కడ్డీ కొసను మెత్తబరచి, గిన్నెలో తిప్పి గుండ్రంగా చేసి, కత్తిరించేవారు. తరువాత మరొకటి. అందుచేత ప్రతి గోళీకీ ఎదురెదురుగా రెండు తెగిన మచ్చలు మిగిలేవి. వీటిని పాంటిల్ గుర్తులంటారు. గుమ్మడికాయ చాళ్ళు తొడిమ దగ్గర మొదలై అడుగున కలిసినట్లు, రంగు చారలు ఒక మచ్చ దగ్గర పుట్టి మెలి తిరిగి రెండోదాని దగ్గర ముగుస్తాయి. కాలనిర్ణయానికి ఇదే మొదటి ఆధారం.

ఆపై వర్గీకరణ లోపలి రూపాన్ని బట్టి సాగుతుంది. నడుమ దారాల వల అల్లినట్లుంటే లాటిచినో. ఆ వల సాధారణంగా తెల్లగా ఉంటుంది, పసుపు కొంత తక్కువ, ఎరుపు అరుదు. నడుమ పట్టెడలా ఉంటే రిబ్బన్. రంగు తునకలు పొరలుగా సాగి కనిపిస్తే ఉల్లిపొర. లోపల తెల్లని చిన్న జంతువు బొమ్మ వెండిలా మెరుస్తుంటే సల్ఫైడ్. దీనిని కడ్డీ నుండి కాక ఒక్కొక్కటిగా చేసేవారు. అందువల్ల మచ్చ ఒక్కటే ఉంటుంది.

పేర్లు మనలను పెడదారి పట్టిస్తాయని ముందే చూశాం. రాగి రేణువులతో బంగారంలా మెరిసే 'లట్జ్' గోళీకి అమెరికాలో పనిచేసిన నికొలస్ లట్జ్ అనే గాజు పనివాని పేరు పెట్టారు. ఆయన గోళీలు చేసిన దాఖలా లేదు. అవీ జర్మనీవే. పేర్లు పెట్టినవారు తరువాతి సేకరణకర్తలు. మా దృష్టిలో పేరు గుర్తుపెట్టుకోవడానికి మాత్రమే పనికివస్తుంది, రుజువుకు కాదు.

చేతిపని, యంత్రపని అనే విభజన కూడా అంత సూటిగా లేదు. అమెరికాలోని ఆక్రన్ పట్టణవాసి మార్టిన్ క్రిస్టెన్సెన్ 1905లో గోళీల యంత్రానికి పేటెంటు పొందాడు. అక్కడ కరిగిన గాజును మనిషే తీసి అందించేవాడు, గుండ్రం చేసేది మాత్రం యంత్రం. మనిషి చెయ్యి తిరిగిన తీరు గోళీ నెత్తిన '9' అంకెలా నిలిచిపోయింది! 1914లో యుద్ధం రావడంతో జర్మనీ సరుకు అమెరికాకు ఆగిపోయి యంత్రాలదే పైచేయి అయింది.

మా విద్యార్థిని ఒకరు ముత్తాతగారి నాటిదంటూ ఒక గోళీ తెచ్చి చూపింది. తేట గాజులో మూడు రంగు రేకులు. భూతద్దంతో ఎంత వెదికినా మచ్చ లేదు. 'పిల్లికన్ను' అనే ఈ యంత్రపు రకం 1950 ప్రాంతంలో జపాను నుండి అమెరికాకు వెల్లువెత్తింది. మన వీధుల్లో మనం ఆడినవీ ఎక్కువగా ఇటువంటివే. ఆమె కొంచెం నొచ్చుకుంది. ముత్తాతగారిది కాకపోయినా తాతగారిది కావచ్చునన్నాం.

గోళీసోడా సీసాలోని గోళీతోనూ పొరపాటు జరుగుతుంది. ఆ సీసాకు ఇంగ్లండులో హైరం కాడ్ 1872లో పేటెంటు పొందాడు. సీసా ఎంత పాతదైనా లోపలిది వాయువును ఆపే బిరడా. దానికి రంగుల చారలతో పనిలేదు.

పాత గోళీ దొరికితే అరగదీసి మెరుగుపెట్టవద్దు. మచ్చ పోయిన గోళీ అక్షరాలు చెరిగిన శాసనం వంటిది. మెత్తని తడిగుడ్డతో తుడిచి, వెలుగుకు ఎదురుగా పట్టి, ముందు రెండు కొసలూ చూడండి.