మాక్సిమిలియను కవచము: పేరును గూర్చిన విచారము

వస్తువును చేయువా రొకరు, దానికి పేరు పెట్టువారు వేరొకరు. లోకమున నిది సామాన్యమే. కాని పేరు పెట్టినవారు వస్తువు పుట్టిన పెక్కు తరముల తరువాతివారైనచో, ఆ పేరు కొంత తెలుపును, కొంత కప్పిపుచ్చును. చరిత్రము చదువువారు పేరులను విచారింపక గ్రహించుటవలన నెట్టి భ్రాంతి కలుగునో చూపుటకై, ఐరోపాఖండపు కవచములలో నొకదానిని ఉదాహరణముగా గైకొందము.

16వ శతాబ్దారంభమున, ఇంచుమించుగా 1500 మొదలు 1530 ప్రాంతము వరకు, జర్మను దేశపు కమ్మరులు ఒక విలక్షణమైన యుక్కు కవచమును చేయుచుండిరి. మన విజయనగరమున కృష్ణదేవరాయలు రాజ్యము చేసిన కాలము (1509-1529) దాదాపుగా నదియే. ఈ కవచమున నురస్త్రాణము కుండవలె గుండ్రముగా నుండును. దానిపైన, భుజములపైన, తొడలపైన దగ్గర దగ్గరగా చాళ్లు తీర్చబడి యుండును. మోకాలి క్రిందిభాగము మాత్రము సాధారణముగా నునుపే. పాదరక్షల ముందుభాగము వెడల్పై ఎలుగుబంటి పాదమువలె కనబడును. శిరస్త్రాణమునకు ముఖమును కప్పెడు భాగము కొన్నింట కొలిమితిత్తివలె మడతలు కలిగి యుండును. ఈ జాతి కవచమునే నేడు 'మాక్సిమిలియను కవచ'మని వాడుచున్నారు.

ఈ చాళ్లెందుకు? రెండు ప్రయోజనములు కానవచ్చుచున్నవి. మొదటిది బలము. కాగితమును చదునుగా పట్టుకొన్నచో వ్రేలాడును. విసనకర్రవలె మడతలు పెట్టిన నిలుచును. మన యిండ్లపై కప్పెడు జింకురేకునకు అలలుండుటకు కారణ మిదియే. యుద్ధమునకు ధరించు నిండు కవచము 20 మొదలు 25 కిలోగ్రాముల వరకు తూగును. కావున రేకును మందము చేయకయే గట్టిపరచు నుపాయము భటునకు మేలు చేయును. రెండవది వేషము. ఆ కాలపు సంపన్నులు కుచ్చెళ్లు తీర్చిన వస్త్రములు, పొంగించి చీరిన చేతులుగల చొక్కాయలు ధరించుచుండిరి. కమ్మరి యా వస్త్రశోభను ఉక్కున దింపెను. 1512-1514 నడుమ కోన్రాడు సోయిసెన్‌హోఫరు బాలుడైన చార్లెసు రాకుమారునికి చేసిన కవచమున నడుము క్రింద కుచ్చెళ్ల లంగావంటి యుక్కుపని కలదు. 1523లో కోల్మను హెల్మ్‌ష్మీడు విల్హెల్మ్ ఫాన్ రోగెన్‌డోర్ఫునకు చేసినదానికి పొంగు చేతు లున్నవి. ఈ రెండును వియన్నా నగరపు ఆయుధశాలలో నున్నవి.

ఇక పేరు సంగతి. మాక్సిమిలియను 1459లో జన్మించి, 1486లో జర్మను రాజుగా నెన్నుకోబడి, 1508లో చక్రవర్తి బిరుదమును ధరించి, 1519లో మరణించెను. ఆయనకు కవచములయం దభిరుచి మెండు. 1504లో ఇన్స్‌బ్రుక్కున ఆస్థాన కవచశాలకు సోయిసెన్‌హోఫరును రావించెను. తన జీవితమును కీర్తించుటకై వ్రాయించిన 'వైస్కూనిగు' అను గ్రంథమున, యువరాజు కమ్మరిశాల జొచ్చి పనివారితో మాటలాడుచున్నట్లొక చిత్రము కలదు. ఆ గ్రంథ మాయన కాలమున ముద్రితము కాక 1775లో వెలువడెను. ఇట్టివి చూచి, చాళ్ల కవచమును చక్రవర్తియే కల్పించెనని కొంద రూహించిరి. ఆదరించె ననుట యొకటి, కల్పించె ననుట వేరొకటి. తన కీర్తికై తానే వ్రాయించుకొన్న గ్రంథము రాజును ఘనునిగా చూపుట వింత కాదు. దానిని సాక్ష్యముగా గొనుటయే వింత.

మరియొక విశేషము గమనింపదగినది. ఆయన కొరకే 1480 ప్రాంతమున లోరెంజు హెల్మ్‌ష్మీడు చేసిన ప్రసిద్ధ కవచ మొకటి వియన్నాలో నున్నది. అది సన్నని నడుముతో, మొనదేలిన పాదములతో నుండు పూర్వపద్ధతిది. దానిని 'గాథికు' కవచమందురు. అనగా చక్రవర్తి తొడిగిన కవచమునకు చక్రవర్తి పేరు లేదు. చక్రవర్తి పేరు గల కవచములను తొడిగినవారు చాలవరకు ఇతరులు. ఆయన మరణించిన పిమ్మటను పదేండ్లకు పైగా ఈ పద్ధతి నడచెను. జర్మను భాషలో దీనికి 'రీఫెల్‌హార్నిష్' అను పేరును గలదు. చాళ్ల కవచమని దాని యర్థము. ఇది యే రాజును పొగడదు. కంటికి కనబడుదానినే చెప్పును.

'గాథికు' అను పేరును నిర్దోషము కాదు. గాథులు నూతన రాజ్యములు స్థాపించిన జాతి. ఇటలీలో వారి ప్రభుత్వము 6వ శతాబ్దముననే యంతరించెను. ఇటలీ పండితులు ఉత్తరదేశపు కట్టడములను మోటువని నిందించుటకై ఆ పేరును వాడిరి. నింద క్రమముగా మరపునకు వచ్చి, పేరు మాత్రము నిలిచి, 15వ శతాబ్దపు కవచమునకును తగిలెను. ఏ గాథుడును దానిని ధరించి యెరుగడు.

ఈ రెండు పేరులను మరుగుపరచినది పనివారిని. ఒక్కొక్క చాలును సుత్తితో తీర్చవలెను. రేకు చిట్లరాదు, మిక్కిలి పలుచబడరాదు, ఒక భాగపు చాలు పక్కభాగపు చాలుతో సరిపోవలెను. అటుపిమ్మట మెరుగుపెట్టువాడు ప్రతి పల్లమును తోమవలెను. ఆగ్సుబర్గు కవచములపై ఆ యూరి గుర్తయిన దేవదారుకాయ ముద్ర కానవచ్చును. హెల్మ్‌ష్మీడు అను వంశనామమునకే శిరస్త్రాణములు చేయు కమ్మరియని యర్థము. గొప్ప కమ్మరులు కొందరి పేరులు మాత్రమే నిలిచినవి. వారి శాలలలో కొలిమి యూదినవారి పేరులు చెప్పువారు లేరు. శ్రమయు వ్యయమును అధికమగుటచేతను, వేషరుచులు మారుటచేతను, 1530 తరువాత చాళ్లు తగ్గి నునుపు రేకులపై ఆమ్లముతో చెక్కిన యలంకారములే ప్రబలెను.

కావున మాక్సిమిలియను కవచ మను పేరును విడువవలెనా? అక్కరలేదు. పండితులు, ప్రదర్శనశాలలవారు దానినే వాడుచున్నారు. అది యొక రూపమును చప్పున స్ఫురింపజేయును. రూపమును తెలుపు గుర్తుగా దానిని వాడుట మంచిదే. నిర్మాతను తెలుపు సాక్ష్యముగా వాడుట తగదు. మన పుస్తకములలోను రాజుల పేర పిలువబడు యుగములు, కట్టడములు, చెరువులు ఎన్ని లేవు! పిల్లలకు వానిని చెప్పునపుడు, ఈ పేరెవరు పెట్టిరి, ఎప్పుడు పెట్టిరి, ఏ యాధారమున పెట్టిరి, పని చేసిన చేతు లెవరివి, అని యింటిలో నడుగు నలవాటు చేసినచో, వారికి చరిత్రము రాజుల జాబితాగా గాక మనుష్యుల వృత్తాంతముగా తెలియును.