పలకకు దక్కని చీమ

మార్కాపురము పలకల గనుల చెంత నిలిచి, ఆ నల్లరాయి పొరపొరలుగా విచ్చుకొను తీరు చూచినవాడు, ఏ పొర నడుమనో యొక ప్రాచీన ప్రాణి ముద్ర దాగియుండునేమోయని ఆశపడుట సహజమే. అంచున ఉలి నానించి యొక్క దెబ్బ వేసిన చాలును, చదునైన రేకు ఊడివచ్చును. దానిమీద రెక్క గాని, కాలు గాని, మీసము గాని కానరాదు. కడప శిలాసముదాయమునకు చెందిన ఆ రాయి వయస్సు 100 కోట్ల యేండ్లకు పైమాట. అది బురదగా అడుగంటిన నాటికి, చీమ మాట యటుంచి, నేలపై గడ్డిపరకయైనను మొలవలేదు.

తొలినాటి చీమ న్యూజెర్సీ తీరమున దొరకెను. 1966లో క్లిఫ్‌వుడ్ సముద్రపుటంచున ఫ్రే దంపతులు ఏరిన తృణమణిలో, అనగా యుగములపాటు మట్టిలో పడి గట్టిపడిన చెట్టు స్రావములో, సుమారు 9 కోట్ల యేండ్లనాటి శ్రామిక చీమలు రెండు చిక్కియుండెను. హార్వర్డు చేరిన ఆ తునకను విల్సన్ పండితుడు ఆత్రముతో చేతికెత్తుకొనబోయి నేల జార్చగా, అది రెండుగా పగిలెను. అదృష్టమేమన, ముక్కకొక చీమ చొప్పున రెండును చెక్కుచెదరలేదు! మహాపండితులకును చేతులు వణకుననుట మనబోంట్లకు కొంత ఊరట. 1967లో విల్సన్, కార్పెంటర్, బ్రౌన్‌లు దానికి స్ఫెకోమిర్మా ఫ్రేయి యని పేరిడిరి. మొదటి మాటకు కందిరీగచీమ యని యర్థము. పేరు తగినదే: రెండేసి పళ్లు గల పొట్టి దవడలు కందిరీగవి, సన్నని ముడి పడిన నడుము చీమది, చీమలకు దక్క వేరు కీటకములకు లేని క్రిమినాశక గ్రంథియు వక్షము వెనుక కలదు.

గిద్దలూరు దాటిన పిమ్మట నల్లమలలో చెంచులు తీయు తపసి జిగురునకును చీమలు అంటుకొనును గదా, అదియు నొకనాటికి తృణమణి యగునా? కాదు. తపసి జిగురు నీట నాని ఉబ్బును. నాలుగు వానలకు రూపు మాయును. గుగ్గిలము నీటికి లొంగదు. గుజరాతు లిగ్నైటు గనులలో సుమారు 5 కోట్ల యేండ్లనాటి కీటకములను దాచిన తృణమణి, మన కడప కొండల తంబచెట్టు కుటుంబపు వృక్షముల గుగ్గిలమే.

రాయి చీమను దాచనేరదని చెప్పుటకు వీలులేదు. 11 కోట్ల 30 లక్షల యేండ్లనాటి చీమ యొకటి బ్రెజిల్ సున్నపురాతిలో బయల్పడినట్లు 2025లో ప్రకటించిరి. మన రాయి మరీ ముందు పుట్టినది. మార్కాపురము పలకమీద చీమ కావలెనన్నచో బలపముతో గీసికొనవలసినదే.