గాజుపెంకు – సర్కారు ఖజానా

సంస్కృతము కాచమన్నదానిని తెలుగువారు గాజనిరి. ఆ గాజుతో చేసి స్త్రీల ముంజేతికి తొడిగిన వలయమును గూడ గాజనియే పిలిచిరి. మూలద్రవ్యమునకును, దానివలన పుట్టిన ఆభరణమునకును ఒకే పేరు చాలునని తలచిన జాతికి ఆ ద్రవ్యముతో గల చుట్టరికము ఎంత పాతదో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను గాజు పుట్టుకను వర్ణించినవారు పెక్కుమంది గలరు గాని, పగిలిన పిమ్మట అది ఎచ్చటికి పోవునో, ఎన్ని చేతులు మారి మరల కొలిమికి చేరునో, ఆ చేతులకు రాజ్యము ఏమిచ్చెనో విచారించినవారు అరుదు. ఈ విచారణకు హైదరాబాదు పాతబస్తీని మించిన తావు మన దేశమున వెదకినను సులభముగ దొరకదు.

చార్మినారునకు పడమట చాచిన చేయివలె సాగిన లాడ్ బజారులో దీపములు వెలిగించిన వేళ నిలుచున్నవానికి వీధియంతయు గాజుతో చేసినట్లే తోచును. కాని ఆ అంగళ్ళకు పేరు తెచ్చినవి లక్కగాజులు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందినవియు అవియే. పనివాడు కుంపటి ముందు బాసికపట్టు వేసి కూర్చుండి, కరగిన లక్కను సాగదీసి, చుట్టగా చుట్టి, వేడి చల్లారకమునుపే చిన్నచిన్న గాజురాళ్ళను సన్నని మొనతో ఒక్కొక్కటిగ ఎత్తి ఆ మెత్తదనములో అద్దును. చేయి ఒక్క క్షణము ఆలసించిన లక్క గట్టిపడును. తొందరపడిన రాయి వంకరగ కూర్చుండును. రాయి రాలిన గాజును కొనువారుండరు. అందుచేత రాలిన రాయిని గూడ ఆ పనివాడు చాపమీద వెదకి తీసికొనును. గాజును పారవేయరాని వస్తువుగా చూచు ఈ అలవాటు ఆ కుంపటియొద్ద నేడు పుట్టినది కాదు.

మెదకు సీమలోని కొండాపురమున గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున నడచిన నిజాము పురావస్తుశాఖ 1940–41లో త్రవ్వించినపుడు శాతవాహనుల నాటి ఇండ్ల శిథిలములలో నాణెములతోపాటు గాజుపూసలు బయల్పడినవి. ఆ పూసలపై మోరేశ్వర దీక్షితులు వ్రాసిన గ్రంథమును హైదరాబాదు పురావస్తు గ్రంథమాలయందు 1952లో ప్రకటించిరి. చిత్తూరు సీమలోని పాపానాయుడుపేటయందు గాజుముద్దను గొట్టముగ లాగి, ఆ గొట్టమును ముక్కలు చేసి పూసలు తీయు అతి ప్రాచీనమైన పద్ధతి ఇరువదవ శతాబ్దివరకును సజీవముగ నిలిచినది. ఈ వృత్తులకెల్ల ఆధారమైన సత్యమొక్కటే: కొలిమికి క్రొత్త గాజు, పాత గాజు అను భేదము లేదు. ఇసుక, సోడాక్షారము, సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల వేడికి తెచ్చినగాని గాజు కాదు. అందు పగిలిన పెంకును కలిపితిరా, అది ముందుగ కరగి తక్కినదానిని గూడ కరగించును. నూటికి 10 పాళ్ళు పెంకు చేర్చిన ఇంధనము నూటికి 2.5 మొదలు 3 పాళ్ళ వరకు మిగులునని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. ఇనుమునకు త్రుప్పు గలదు, కాగితమునకు చివుకుట గలదు. గాజు ఎన్నిమారులు కరగినను గాజే.

ఆసఫ్‌జాహీ నిజాముల కాలమున పాతబస్తీలో గాజు రెండు లోకములుగ బ్రతికినది. మొదటిది ప్రభువుల లోకము. చౌమహల్లా ఖిల్వతు మందిరమున వ్రేలాడు 19 బెల్జియము దీపవృక్షములును, వారి దివానులైన సాలార్జంగులు వెనిసు, బొహీమియా దేశములనుండి తెప్పించి కూర్చిన పాత్రలును – 1951 డిసెంబరు 16వ తేదీన సాలార్జంగుల భవనమైన దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూగారు ప్రదర్శనశాలను తెరచినపుడు ప్రజలు మొదటిసారి కన్నులార చూచినవి – ఆ లోకమునకు చెందినవి. రెండవది సీసా లోకము. పారసీకపు శీశాయే మన నోట సీసా అయినది. ఈ సీసాకు పాతబస్తీలో ఉన్నన్ని జన్మలు పురాణములలోని దేవతలకు గూడ లేవేమో!

అత్తరు సీసా తైలము తీరిన పిమ్మట మరల అంగడికి పోయి నిండి వచ్చెడిది. సర్కారు దవాఖానాకు పోవు రోగి కడిగిన సీసా ఒకటి చంకన పెట్టుకొని పోవలసినదే; అందు ఎర్రని మందు పోసి, మోతాదు తెలియుటకై కాగితమును గళ్ళుగ కత్తిరించి అంటించి పంపెడివారు. 1872లో హైరం కాడ్ అను ఆంగ్లేయుడు కనిపెట్టిన గోలీసోడా సీసాను త్రాగినవాడు అంగడి ముందే నిలిచి తిరిగి ఇచ్చి పోవలెను. సోడాకు వెలయేగాని సీసాకు వెల లేదు. ఈ తిరుగుడులో ఎక్కడనో చేయిజారి పగిలినదనుకొనుడు, అప్పటికిని దానికి మోక్షము లేదు. తోటగోడ మీద సున్నములో నాటబడి దొంగలను కాచెడిది. సంక్రాంతి దగ్గరపడిన దినములలో ధూల్‌పేట, చూడీబజారు ప్రాంతముల యువకుల చేత మెత్తగ నూరబడి, అన్నపు గంజిలోను రంగులోను కలిసి, దారమున కెక్కి మాంజాయై ఆకాశమున ఇతరుల పతంగులను కోసెడిది. చిట్లిన చేతిగాజుల ముక్కలను ఆడపిల్లలు దీపపు సెగపై వంచి, ఒకదానిలో ఒకటి దూర్చి, గుమ్మమునకు గొలుసులుగ వ్రేలాడగట్టెడివారు. కొలిమి విద్య అంతయు ఆ దీపపు సెగలో సూక్ష్మరూపమున గలదని ఆ పిల్లలకు తెలియదు గాని, చేతులకు తెలియును.

ఇన్ని జన్మములెత్తియు మిగిలిన పెంకును కొనువాడు కబాడీవాడు. రద్దీ కాగితములు, ఖాళీ సీసాలు, ఇనుము అనుచు రాగము తీసి గల్లీలలో అతడు బండి నడపుకొని వచ్చుట, పిల్లలు సీసా ఇచ్చి జీళ్ళో పీచుమిఠాయియో పుచ్చుకొనుట నిన్నటి తరమువారి కందరకు ఎరుకయే. ఈ సరకులో పనికివచ్చునది గురువారమునాడు పురానాపూల్ దరిని జుమేరాత్ బజారున గుడ్డమీద పరచబడును. పనికిరానిది రంగులవారీగ – తెలుపు, గోధుమ, ఆకుపచ్చ – విడదీయబడి గోనెసంచుల కెక్కును. రంగు కలిసినదా, ఆ సంచి వెల పడిపోవును. ఏలయన ఒక్క ఆకుపచ్చ సీసా తెల్లగాజు కొలిమి రంగును చెరచును. ఒక్క పింగాణీ పెంకు పడిన మరింత ముప్పు: అది కరగక సీసా గోడలో రాయియై నిలిచిపోవును. ఈ విడదీయుట యంత్రముల పని కాదు. సంచి ముందు గొంతుకూర్చుండిన స్త్రీల పని.

ఇక ఖజానా మాట. హైదరాబాదు ప్రభుత్వము 1929లో పరిశ్రమల అభివృద్ధికై కోటి రూపాయల మూలధనముతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ అను నిధిని నెలకొల్పినది. పెద్ద కర్మాగారములలో వాటాలు కొనుట, చిన్న పరిశ్రమలకు అప్పులిచ్చుట ఆ నిధి చేసిన పనులు. వరంగల్లున 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు, బోధనున 1937లో వెలసిన నిజాము చక్కెర కర్మాగారము ఆ యుగపు సంతానములు. నగరమున గాజు కర్మాగారము సైతము తాజ్ గ్లాస్ వర్క్స్ అను పేర వెలసినది. ఆ దూరదృష్టిని మెచ్చక తప్పదు. భారతదేశపు సంస్థానములలో అట్టి నిధిని సమకూర్చినవి అరుదు. కాని ఆ కాలమున పరిశ్రమయన్న పొగగొట్టము గలదనియే అర్థము. పొగగొట్టము క్రింది కొలిమికి పెంకు మోసికొనివచ్చువాడు పరిశ్రమలోనివాడని తలచుట అలవాటు కాలేదు.

స్వాతంత్ర్యానంతరము నిధుల పేర్లు మారినవి, తలంపు మారలేదు. 1972లో నగరమున అసోసియేటెడ్ గ్లాస్ ఇండస్ట్రీస్ స్థాపితమైనది. సనత్‌నగర్‌లోని ఆ కొలిమియే ఏ.జి.ఐ. గ్లాస్‌పాక్ అను పేర భువనగిరికిని విస్తరించినది. ఈ విధముగ పెంకు పుట్టుట మూసీనదికి దక్షిణమున, గాజగుట ఉత్తరమున జరుగుచున్నది. ఈ ప్రయాణమున పెంకునకు మజిలీలుగ బహదూర్‌పురా, శాస్త్రిపురం, కాటేదాన్ గోదాములు గలవు. గాజు బరువైనది, వెల తక్కువది. ఇనుమునకు వచ్చు డబ్బులో అణువంతయు దానికి రాదు, బండి కిరాయి లాభమును మ్రింగును. కావుననే కబాడీవాడు నేడు సీసాను చూచి మొగము త్రిప్పుకొనుచున్నాడు. ఒకనాడు పుత్తడివలె చూచిన పెంకు ఇప్పుడు జవహర్‌నగరపు చెత్తకుప్పకు పోవుచున్నది.

ప్రభుత్వములకు ఈ సంగతి తెలియనిది కాదు. 2016 ఘనవ్యర్థ నియమములు చెత్త ఏరువారిని గుర్తించి వ్యవస్థలో చేర్చుకొనవలెనని స్థానికసంస్థలను ఆదేశించినవి. 2021 అక్టోబరున ఆరంభమైన రెండవ స్వచ్ఛభారత్ పథకము వ్యర్థములను విడదీయు కేంద్రములకు గ్రాంట్లు ఇచ్చుచు, 10 లక్షలకు మించిన జనాభా గల నగరములకు కేంద్రపు వాటా 25 శాతముగ నిర్ణయించినది. కాగితము, గాజు, లోహములతో సరకును కట్టి అమ్మువారే ఆ కట్టుబడిని తిరిగి సేకరించు బాధ్యత వహింపవలెనని కేంద్రము 2024 డిసెంబరున ముసాయిదా నియమములను ప్రకటించినది. ఇవన్నియు మెచ్చదగినవే. కాని కొలిమి సామర్థ్యమును పెంచుటకిచ్చు ధనము కొలిమియొద్దనే ఆగిపోయిన యెడల 1929 నాటి పొరపాటే మరల జరుగును. శుభ్రమైన, రంగు విడదీసిన పెంకు చేరక ఎంత పెద్ద కొలిమియైనను ఇసుకనే కరగించును. పెంకు గల్లీలో చేరవలెను; గల్లీలో చేరవలెనన్న, అక్కడ త్రాసు, తొట్టి, నీడ, చేతితొడుగు ఉండవలెను; గోదామునుండి కొలిమికి పోవు బండి కిరాయిని ఎవరైనను భరింపవలెను. గ్రాంటులో మొదటి రూపాయి ఖర్చు పెట్టవలసిన చోటు ఇది.

ప్రభుత్వము చేయువరకు మనము ఆగనక్కరలేని పని ఒకటి గలదు. ఇంట గాజు పగిలిన, దానిని చీపురుతో ఊడ్చి తడిచెత్తలో పడవేయకుడు. మందపు కాగితములో చుట్టి, పైన గాజు అని వ్రాసి, వేరుగ ఉంచుడు. దానిని ఏరికొను చేయి తరచుగ స్త్రీ చేయియే. ఆ చేతికి గాజులు ఉన్నవేమో గాని, తొడుగు లేదు.