హపోన్ ఇంటివారు: కోరియా దెల్ రీయో పట్టణ చరిత్రలో ఒక ఘట్టము

సెవిల్లా నగరమునకు దక్షిణముగా పదిహేను కిలోమీటర్లలోపు దూరమున, గ్వాదల్కివిర్ నది కుడిగట్టున వెలసియున్న కోరియా దెల్ రీయో పట్టణమునందు నివసించు మాబోటివారిని ఊరి పూర్వవృత్తాంతమును గూర్చి ఎవరైన ప్రశ్నించినప్పుడెల్ల, ఒక ఇంటిపేరుతోనే ఆ కథను ప్రారంభింపవలసి వచ్చుచున్నది. రోమనుల కాలమున కౌరా అను పేర ప్లినీ గ్రంథమునకెక్కిన ప్రాచీనత ఈ ఊరికి ఉన్నది; పడవలు కట్టు వడ్రంగులును, నదిని నమ్ముకొని బ్రదికిన జాలరులును తరతరములుగా నివసించిన ప్రతిష్ఠ ఉన్నది; నదిలోని స్టర్జన్ చేపల గ్రుడ్లనుండి కావియార్ తయారుచేసిన కర్మాగారమొకటి 1932 మొదలు 1970 వరకు ఇచ్చట నడచిన ముచ్చటయు ఉన్నది. ఐనను దూరదేశముల వారు మా ఊరిపేరు వినుటకు కారణమైనది మాత్రము ఇచ్చట సుమారు ఏడువందల మంది ధరించుచున్న ‘హపోన్’ అను ఇంటిపేరు. స్పానిష్ భాషలో జపాను దేశమునకు అదియే పేరు.

ఒక దేశము పేరు ముప్పదివేల జనాభా గల ఒక నదీతీరపు పట్టణమున ఇంటిపేరై నిలుచుట తెలుగువారికి వింతగా తోపనక్కరలేదు. తెలుగునాట పుట్టి ఈ గట్టున స్థిరపడిన నాకు ఈ విషయము మొదటినుండియు సుబోధముగనే ఉండెను. మన ఇంటిపేర్లలో అత్యధికభాగము ఊళ్ల పేర్లే. ఐనను ఆ ఊరిలో ఉన్నంతకాలము ఎవ్వరికిని ఆ ఊరిపేరు ఇంటిపేరు కాదు. ఊరు విడిచి వేరొకచోట కాపురము పెట్టిన పిమ్మటనే, క్రొత్తగా వచ్చినవారిని గుర్తించుటకై ఇరుగుపొరుగువారు ఆ పేరును తగిలింతురు. స్పెయిను దేశమున సైతము తొలేదో, కోర్దొబా, సెవిల్లా మున్నగు నగరముల పేర్లును, నవార్రో, కతలాన్, ఫ్రాన్సేస్, అలెమాన్ మున్నగు ప్రాంత దేశవాచకములును ఇంటిపేర్లుగా ఈ విధముననే స్థిరపడినవి. కావున హపోన్ అనునది ఆ ఇంటివారు తమ్ము తాము పిలుచుకొన్న పేరు కాదు, ఇతరులు పిలిచిన పేరు. ఆ పిలుపు ఎప్పుడు పుట్టెను, ఎవరిని చూచి పుట్టెను అనునదియే మన విచారణకు ముఖ్యాంశము.

ఉత్తర జపానులోని సెందాయి ప్రభువైన దాతె మసమునె, స్పెయిను సామ్రాజ్యముతో నేరుగా వర్తకము నెలకొల్పుకొనవలెననియు, తన సీమకు క్రైస్తవ గురువులను రప్పించుకొనవలెననియు తలంచి, హసెకుర త్సునెనగ అను మధ్యస్థాయి సమురాయిని రాయబారిగ నియమించి, సెవిల్లాలో జన్మించిన ఫ్రాన్సిస్కన్ సన్న్యాసి లూయిస్ సొతేలోను అతనికి తోడుగ నిచ్చి, 1613 అక్టోబరు 28వ తేదీన త్సుకినోఉర రేవునుండి, తన రాజ్యముననే నిర్మింపజేసిన సాన్ హువాన్ బౌతీస్తా అను నౌకపై పంపెను. నూట ఎనుబది మంది వరకు ఎక్కిన ఆ నౌక పసిఫిక్ మహాసముద్రమును దాటి 1614 జనవరిలో మెక్సికో తీరపు అకపుల్కోకు చేరెను. అచ్చట వర్తకులలో పెక్కురు నిలిచిపోగా, ముప్పది మందికి మించని పరివారముతో హసెకుర భూమార్గమున వేరక్రూస్‌కు పోయి, అట్లాంటిక్ సముద్రమును దాటి, అక్టోబరు 5వ తేదీన గ్వాదల్కివిర్ నదీముఖమందలి సాన్‌లూకర్ రేవున దిగెను. మెదీనా సిదోనియా ప్రభువు సమకూర్చిన నావలలో వారు నదికెదురుగ పయనించి, సెవిల్లా నగర ప్రవేశమునకు ముందు కొన్ని దినములు విడిదిచేసినది మా కోరియాలోనే. సుదీర్ఘ ప్రయాణమున మాసిన దుస్తులను సవరించుకొని, రాయబారమునకు తగిన వేషభూషణములను సిద్ధపరచుకొనుటకు ఈ విడిది అవసరమయ్యెను.

ఆ రాయబారపు మిగిలిన కథ ఐరోపా రాజధానులలో జరిగినది. 1615 జనవరి 30వ తేదీన మాద్రిదులో మూడవ ఫిలిప్పు రాజు దర్శనము, ఫిబ్రవరి 17వ తేదీన రాజసమక్షమున క్రైస్తవదీక్ష, ఫెలీపె ఫ్రాన్సిస్కో అను నూతన నామము, నవంబరు 3వ తేదీన రోము నగరమున అయిదవ పౌలు పోపుగారి దర్శనము, రోము పౌరసత్వ పత్రము, ఇవన్నియు గౌరవములే గాని ఫలములు గావు. ఏలయన, రాయబారి ప్రయాణమునందుండగనే, 1614 ఆరంభమున, తొకుగవ ప్రభుత్వము జపాను అంతటను క్రైస్తవమతమును నిషేధించెను. ఆ వార్త మాద్రిదునకు చేరిన పిమ్మట వర్తకపు ఒడంబడికపై రాజుగారికి ఆసక్తి సన్నగిల్లెను. రోమునుండి మరలివచ్చిన హసెకుర సెవిల్లా పడమట ఎస్పార్తీనస్ సమీపమున లొరేతో సన్న్యాసాశ్రమమున తలదాచుకొని, రాని జవాబునకై నిరీక్షించి, తుదకు 1617 జూలైలో ఓడ యెక్కెను. మనీలాలో చాలకాలమాగి 1620లో స్వదేశమునకు చేరి, రెండు సంవత్సరములకు మరణించెను. సొతేలోను 1624లో ఓమురలో సజీవదహనము చేసిరి. హసెకుర కుమారునికి, ఇంట క్రైస్తవులను ఉండనిచ్చెనను నేరముపై, 1640లో మరణశిక్ష విధించిరి.

ఇట్టి స్వదేశమునకు మరలిపోవుటకంటె ఈ నదీతీరముననే ఉండిపోవుట మేలని, క్రైస్తవులైన కొందరు పరివారజనులు భావించియుందురనుటలో ఆశ్చర్యమేమియు లేదు. బయలుదేరిన ఓడలో అందరును ఎక్కలేదనుట నిశ్చయము. వారిలో ఒకని జాడ మనకు స్పష్టముగ దొరకుచున్నది. తోమాస్ ఫెలీపె అను దీక్షానామము గల ఒక సమురాయి, ఎస్త్రెమదూర సీమలోని సాఫ్రా పట్టణమున ఒక గృహస్థుని కొలువులో చేరగా, ఆ యజమానుడు అతనిని స్వేచ్ఛగ పోనీయక, ముఖమున బానిసముద్ర వేయించెను. ఆ అన్యాయమునుండి బయటపడిన పిమ్మట, తన దేశమునకు మరలిపోవుటకు అనుమతి నిమ్మని అతడు 1622లో రాజుగారికి విన్నవించుకొన్నాడు. ఆ పత్రములలో అతని పేరునకు తుదను చేర్చిన పదము ‘హపోన్’. ఇంటిపేరు పుట్టుచుండగా చూడగలుగుట చరిత్రకారునకు అరుదుగ లభించు భాగ్యము. ఇచ్చట అది కన్నులయెదుట పుట్టుచున్నది. ముఖమునకు ముద్ర వేయబడిన ఆ మానవుని తలచుకొన్నప్పుడు మాత్రము, మా ఊరి ఉత్సవములలో ఈ కథను కేవలము మైత్రీగాథగ చెప్పుకొనుట చాలదని నాకు తోచుచుండును.

మెక్సికోలో స్థిరపడిన జపాను వారి తీరు వేరు. గ్వాదలహారా నగరమున 17వ శతాబ్దిలో ధనవంతులైన వర్తకులుగ వెలసిన లూయిస్ దె ఎన్సియో, అతని అల్లుడును ఒసాకాలో పుట్టినవాడునైన హువాన్ దె పాయెస్, శుద్ధమైన స్పానిష్ ఇంటిపేర్లనే స్వీకరించిరి. వారి పేర్లను చూచి వారి జన్మభూమిని ఊహింపజాలము. అచ్చట దేశము పేరు అంతరించెను, ఇచ్చట నిలిచెను.

మా ఊరి సాంతా మారియా దె లా ఎస్త్రేల్యా దేవాలయపు దీక్షాపుస్తకములలో ఈ ఇంటిపేరు 17వ శతాబ్ది ఉత్తరార్ధము మొదలుకొని కానవచ్చుచున్నది. 1563లో ముగిసిన ట్రెంటు మతసభ, ప్రతి దేవాలయమునను జ్ఞానస్నాన వివాహములకు పుస్తకములు వ్రాయవలెనని శాసించియుండెను గాన, రాయబారము వచ్చిననాటికే ఇట్టి లెక్కలు వ్రాయు ఆచారము స్థిరపడియున్నది. ఐతే సరిగ మనకు కావలసిన దశాబ్దుల పుస్తకములే నశించినవి. కావున 1617లో నిలిచిపోయిన జపాను మనుష్యునికిని, పిమ్మట పుస్తకమునకెక్కిన మొదటి హపోన్ శిశువునకును నడుమ తండ్రిపేరు, తాతపేరు చూపు పత్రము లేదు. కాలము సరిపోవుచున్నది, స్థలము సరిపోవుచున్నది, పేరు సరిపోవుచున్నది; మూడును ఏకముగా సరిపోవుటకు రాయబారమునకంటె సులభమైన కారణము మరియొకటి కానరాదు. నేను ఈ పక్షముననే నిలిచెదను. ఐనను ఇది బలమైన అనుమాన ప్రమాణమే గాని ప్రత్యక్ష ప్రమాణము కాదని చదువరులు గుర్తింపవలెను.

ఈ బలమైన ప్రమాణమునకు మా ఊరివారు ప్రేమతో జోడించు దుర్బలమైన ప్రమాణములు రెండు గలవు. శిశువులు కొందరు నడుము క్రిందిభాగమున నీలిమచ్చతో పుట్టుచున్నారు గాన వారు జపాను సంతతియని యొకటి. ఆ మచ్చ తూర్పు ఆసియావారిలో తరచుగ కనబడుట నిజమే. కాని అది మన తెలుగు శిశువులలోను కనబడునని తెలుగు తల్లులకెల్ల తెలియును. పొరుగు మాగాణులలో వరి పండుటకు ఈ జపానువారే కారణమని రెండవది. నారుమడుల నడుమ పెరిగిన నాకు ఆ ఆకుపచ్చని పొలములను చూడగనే ఆ కథను నమ్మవలెనను కోరిక కలుగుట సహజమే. ఐనను గ్వాదల్కివిర్ చిత్తడినేలలలో వరిసాగు విస్తరించినది 20వ శతాబ్దిలో, ముఖ్యముగ 1930ల నుండి, వలెన్సియా రైతుల ప్రోద్బలముతో. నాలుగువందల యేండ్లనాటి రాయబారమునకు దానితో సంబంధము లేదు. సత్యమైన కథకు ఇట్టి ఊతకఱ్ఱలు అక్కరలేదు.

ఇక ఈ ఇంటిపేరు ఎంత అరుదైనదను విషయము. స్పెయినులో గార్సియా అను ఇంటిపేరును మొదటి ఇంటిపేరుగ ధరించువారే పదునాలుగు లక్షలకు మించియున్నారు; ఆ సముద్రముతో పోల్చిన హపోన్ వారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. అంతకంటె గమనింపదగినది వారి వ్యాప్తి: కోరియాను, దానినానుకొనియున్న ప్వేబ్లా దెల్ రీయోను, సెవిల్లా మండలమును దాటినచో స్పెయినున ఈ పేరు దాదాపు వినరాదు. పేరు విస్తరింపక ఒకచోటనే గుమిగూడియుండుట, దాని మూలమును ఆ చోటనే వెదుకవలెనని చెప్పుచున్నది. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశమున, లోహా సీమయందలి సరగూరో ఆదివాసులలో సైతము ఈ ఇంటిపేరు విరివిగ గలదు. అక్షరములొక్కటియైనంతమాత్రమున వంశమొక్కటియని తలంపరాదు గనుక ఆ శాఖను ఈ వ్యాసమున చేర్చను.

స్పెయినువారు తమ పేరునకు తరువాత రెండు ఇంటిపేర్లను ధరింతురు. మొదటిది తండ్రిది, రెండవది తల్లిది. వివాహమైన స్త్రీ తన ఇంటిపేరును మార్చుకొనదు. ఈ పద్ధతి పూర్వమునుండి వాడుకలోనున్నను, 1871లో అమలునకు వచ్చిన పౌరనమోదు శాసనముతో స్థిరపడెను. దీని ఫలమేమన, హపోన్ ఇంటి ఆడపడుచు సంతానమునకు ఆ పేరు రెండవస్థానమున ఒక తరము నిలిచి, మనుమల కాలమునకు అంతరించును. కావున నేటి ఏడువందల మందియే ఆ రాయబార పరివారపు సంతతియనుట పొరపాటు. పేరు లేని సంతతి ఈ వీథులలో ఇంతకు అనేకరెట్లు ఉండితీరవలెను. ఒక ఇంటిపేరు కేవలము మగసంతతి ద్వారమున వ్యాపించుచో అది ఎన్ని తరములు నిలుచునను ప్రశ్నను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గాల్టన్ 1873లో లేవదీయగా, వాట్సన్ గణితముతో విచారించెను. కొద్దిమందితో మొదలైన ఇంటిపేరు కొన్ని తరములలోనే నశించుట సాధారణమని అట్టి లెక్కలు తెలుపుచున్నవి. అట్టిచో హపోన్ అను పేరు నాలుగు శతాబ్దులు జీవించుట, మొదటివారు ఒక్కరుగాక కొందరై యుందురనియో, లేక తొలి తరములవారికి పుత్రసంతానము సమృద్ధిగ కలిగియుండెననియో సూచించుచున్నది. తల్లిదండ్రులు ఇష్టమైనచో తల్లి ఇంటిపేరునే ముందుంచుకొనవచ్చునని 1999లో శాసనము వచ్చిన పిమ్మట ఈ పేరునకు క్రొత్త ఆయుర్దాయము లభించినది.

జపానులో సైతము ఈ రాయబారము రెండున్నర శతాబ్దులు విస్మృతిలో పడియుండెను. 1873లో ఐరోపాను సందర్శించిన ఇవకుర రాయబార బృందము వెనిస్ నగర పత్రభాండారమున హసెకుర జాబులను చూచిన పిమ్మటనే ఆ దేశీయులకు తమ పూర్వికుని సాహసము తెలియవచ్చెను. ఇచ్చటి హపోన్ కుటుంబములవారును తమ పేరునకు కారణమును వివరముగ నెఱిగినది గడచిన శతాబ్ది చివరిభాగముననే. పడవలు నడుపుచు, పొలములు దున్నుచు, ఆ పేరును మార్చుకొనక వారు నిలుపుకొనినందుననే పరిశోధకులకు వెదుకుటకు దారి దొరకినది; అందుకు ఈ సామాన్యులకు చరిత్ర ఋణపడియున్నదని నేను మనఃపూర్వకముగ నమ్ముచున్నాను. 1992లో నదీతీరపు ఉద్యానమున హసెకుర విగ్రహమును నిలిపిరి. 2011 మార్చిలో సునామీ సెందాయి తీరమును ముంచినప్పుడు ఈ ఊరివారు బంధువులకు కీడు జరిగినట్లే విలపించిరి. 2013 జూన్‌లో నాటి యువరాజు, నేటి చక్రవర్తి నరుహితో ఇచ్చటికి విచ్చేసి ఒక చెఱ్ఱీమొక్కను నాటిరి.

సెవిల్లా నగరమును చూడవచ్చు తెలుగువారు అచ్చటి మహాదేవాలయమును, అల్కాసర్ కోటను చూచి మరలిపోవుటయే పరిపాటి. వారు ఒక పూట మిగుల్చుకొని కోరియాకు రావలెనని నా ప్రార్థన. నదిగట్టున సమురాయి విగ్రహమున్నది. ఊరిలో తలుపులపైనను దుకాణముల పలకలపైనను ఆ ఇంటిపేరున్నది. దాతె మసమునె 1613లో సెవిల్లా నగరమునకు వ్రాసిన జాబు నేటికిని ఆ నగర పురపాలక పత్రభాండారమున భద్రముగనున్నది.